ఉతికే టోపీ, ఉతకలేని టోపీ: 19వ శతాబ్దపు ఇంగ్లండు ఇళ్లలో ఆడవాళ్ల తలగుడ్డ

1798 డిసెంబరు 1న ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ తన అక్క కసాండ్రాకు రాసిన ఉత్తరంలో టోపీల మాట వస్తుంది. సాయంత్రాలు పెట్టుకోవడానికి రెండు మూడు కుట్టుకున్నానని, వాటి పుణ్యమా అని తల సింగారించుకునే యాతన తప్పిందని, పొడుగు జుట్టు అల్లి లోపల దాచేస్తే ఇక కడగడం, దువ్వడం తప్ప వేరే పని లేదని దాని సారాంశం. అప్పటికి ఆమెకు 23 నిండలేదు. పెళ్లి కూడా కాలేదు. ఆ వయసుకే టోపీ తగిలించుకోవడం ఇంట్లోవాళ్ల కంటపడకపోలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ వయసుకు ముందే పెద్దవాళ్ల వేషంలోకి వెళ్లిపోయారని మేనల్లుడు తర్వాతెప్పుడో రాసుకున్నాడు.

టోపీ అనగానే అలంకారమే గుర్తొస్తుంది. ఆ ఉత్తరంలో మాత్రం అది పని తగ్గించే సరుకు. ఇంగ్లండులో ఇంటి టోపీ ఆ శతాబ్దమంతా నిలబడిందీ, చివరికి పోయిందీ ఈ ఒక్క లెక్క మీదే అనిపిస్తుంది: అది తప్పించే చాకిరీ ఎంత, తెచ్చిపెట్టే చాకిరీ ఎంత. పుస్తకాల్లో రంగురంగుల ఫ్యాషన్ బొమ్మలు చూస్తే ఈ లెక్క కనిపించదు. కుట్టు దగ్గర, చాకిరేవు దగ్గర చూస్తేనే కనిపిస్తుంది.

తప్పించే చాకిరీ సంగతి ముందు. ఆ చలిలో నడుము దాకా ఉన్న జుట్టును తలారా కడిగి ఆరబెట్టుకోవడం చిన్న పని కాదు. అందుకే రోజూ బ్రష్షుతో దువ్వి, జిడ్డు లేపనమో మకాసర్ నూనో రాసి నెట్టుకొచ్చేవాళ్లు. ఆ నూనె మరకలు కుర్చీకి అంటకుండా వీపు మీద పరిచిన గుడ్డకే యాంటీమకాసర్ అని పేరొచ్చింది. తలగడకూ అదే బాధ, కాబట్టి రాత్రి టోపీ. గదిలో బొగ్గు పొయ్యి, దాని మసి, పొయ్యి లేని గదుల్లో చెవులు కొరికే చలి. ఇవి కాక నెరిసిన జుట్టు, పలచబడిన పాపిడి. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ప్రార్థన వేళ స్త్రీ తల కప్పుకోవాలన్న మాట ఉంది. రోజూ ఉదయం ఇంట్లోనే ప్రార్థన జరిగే కుటుంబాల్లో ఆ అవసరానికీ టోపీ సరిపోయేది.

పెళ్లయిన ఆడది టోపీ పెట్టుకోవడం మామూలు. పెళ్లికాని పిల్ల బోసి తలతో తిరగొచ్చు. ముప్ఫై దగ్గరపడినా పెళ్లి కుదరక, ఒకరోజు టోపీతో భోజనానికి దిగిందంటే ఇక సంబంధాలు చూడొద్దని చెప్పకనే చెప్పినట్టు. మన దగ్గర ఒకరికి టోపీ పెట్టడమంటే మోసం చేయడం. ఇంగ్లీషులో ఒకామె ఫలానావాడి కోసం టోపీ సర్దుకుందంటే అతన్ని ఎలాగైనా పెళ్లికి ఒప్పించే పనిలో ఉందని అర్థం. రెండింట్లోనూ జాగ్రత్తపడాల్సింది ఎదుటివాడే.

బానెట్ వేరు, టోపీ వేరు. బానెట్ వీధిలోకి. గట్టి అంచుతో, తరచూ గడ్డి అల్లికతో చేసి, టోపీ మీదనే పెట్టుకునేది. పగటిపూట చూడ్డానికి వచ్చిన ఆమె కాసేపే కూర్చుంటుంది గనక బానెట్ తీయదు, ఇంటామె టోపీతో ఎదురొస్తుంది. గదిలో ఎవరు అతిథో ఎవరు గృహిణో తలలు చూసి చెప్పొచ్చు. సాయంత్రం విందుకు వెళ్లే పెద్దావిడ మంచి టోపీని పెట్టెలో పెట్టి వెంట తీసుకెళ్లి, అక్కడికి చేరాక లోపలి గదిలో మార్చుకునేది. బానెట్ కింద పెట్టుకుంటే కుచ్చులు అణిగిపోతాయి మరి.

మూడు ముక్కలు, రెండు బొందులు

శతాబ్దం మొదట్లో వాడిన సాదా ఉదయపు టోపీలో మూడు ముక్కలు ఉంటాయి. నెత్తి మీదుగా చెవి నుంచి చెవికి వచ్చే పట్టీ ఒకటి. దాని వెనక, జుట్టు ముడి పట్టే బుట్ట. బుట్ట చేతుల జాకెట్టులో బుట్ట ఎలా పొంగుతుందో ఇదీ అంతే. ముఖం చుట్టూ కుచ్చు మూడోది. మెడ వెనక అంచు మడతలో లంగా బొందు లాంటి సన్నని నాడా, గడ్డం కింద ముడి వేసుకోవడానికి మరో జత. కసాండ్రా 1810 ప్రాంతంలో చెల్లెల్ని గీసిన చిన్న బొమ్మ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. అందులో ఈ తరహా టోపీ, దాని కింద నుంచి నుదుటి మీదికి వచ్చిన ఉంగరాల జుట్టు చూడొచ్చు. వెనక జుట్టు దాగి, ముందు నాలుగు ఉంగరాలు బయట ఉండటం ఆనాటి పద్ధతి. ముందు జుట్టు పలచబడ్డ పెద్దవాళ్ల కోసం తర్వాతి దశాబ్దాల్లో సవరపు ఉంగరాలు టోపీ అంచుకే కుట్టి అమ్మేవారు. టోపీ తీస్తే జుట్టూ వచ్చేస్తుంది.

గుడ్డ సన్నని పత్తి మల్లు. హిందీ మల్‌మల్ ఇంగ్లీషులో మల్ అయింది, మన బట్టల కొట్లలో మల్లు అయింది. ఇంకాస్త దళసరి కావాలంటే నైన్‌సుక్, అదీ మన దేశపు మాటే, కంటికి హాయి అని. మాటలు ఇక్కడివే గానీ, 19వ శతాబ్దం గడిచేకొద్దీ గుడ్డ మాత్రం స్కాట్లండులో పేస్లీ, గ్లాస్గోల మరమగ్గాల మీద నేసిందే ఎక్కువ. రాత్రి టోపీలకు మందపాటి పత్తిగుడ్డ, పాతకాలం వాళ్లకు నార గుడ్డ.

1838లో లండన్‌లో వచ్చిన ఒక కుట్టుపని పుస్తకం కొలతలను నెయిల్స్‌లో ఇస్తుంది. నెయిల్ అంటే గజంలో 16వ వంతు, రెండుంపావు అంగుళాలు, అంటే సుమారు 5.7 సెం.మీ. ఇప్పుడు పాత టోపీలు తిరిగి కుట్టేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. అంకె చూసి అంగుళాలనుకుంటే బొమ్మకు సరిపోయే టోపీ వస్తుంది.

56 సెం.మీ. చుట్టుకొలత తలకు కుట్టే లెక్క ఇలా ఉంటుంది. పట్టీ 40 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు. బుట్టకు 36 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు ముక్క తీసుకుని పై రెండు మూలలూ గుండ్రంగా కోయాలి. కింది అంచు నిటారుగానే ఉండాలి, బొందు దూర్చే మడత అక్కడే. రెండు పక్కలు, పైభాగం కలిపితే వంపు అంచు సుమారు 82 సెం.మీ. వస్తుంది. దాన్ని 40 సెం.మీ. పట్టీకి కూర్చాలి. చెవుల దగ్గర రెండు వైపులా 8 సెం.మీ. చొప్పున కుచ్చు లేకుండా చదునుగా కుట్టి, మిగిలిన 66 సెం.మీ.నూ నడినెత్తి మీది 24 సెం.మీ.లోకి లాగేస్తారు. కుచ్చిళ్లు చుట్టూ సమానంగా పంచితే చెవుల దగ్గర ఉబ్బి, టోపీ గిన్నె బోర్లించినట్టు కనిపిస్తుంది. ఉబ్బు అంతా నెత్తి మీదే ఉండాలి, జుట్టు ముడి ఉండేది అక్కడే కాబట్టి.

ముఖం చుట్టూ కుచ్చుకు అంచు పొడవుకు రెండున్నర రెట్లు, అంటే 100 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు. ఈ ముక్కను గుడ్డ అడ్డం వెంట, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు కోస్తారు. అప్పుడు పడుగు పోగులు కుచ్చు వెడల్పులో నిలువునా వస్తాయి. పడుగు నూలుకు పురి గట్టి, గంజి పట్టాక అదే కుచ్చును నిలబెడుతుంది. పొడవు వెంట కోస్తే అతుకు రాదు, గుడ్డ కలిసొస్తుంది, కానీ కుచ్చు వాడిన ఆకులా వాలిపోతుంది. గజం పన్నా గుడ్డలో 100 సెం.మీ. రాదు గనక ఒక అతుకు తప్పదు. దాన్ని చెవి దగ్గరికి తోసేయాలి. నుదుటి మధ్యకొస్తే ఇస్త్రీలో అక్కడ గీత పడి కూర్చుంటుంది.

ఈ కుచ్చు పట్టే తీరే అసలు పనితనం. మామూలు పచ్చికుట్టు వేసి దారం లాగితే మల్లులో కుచ్చు మందంగా, వంకరగా వస్తుంది, లోపలి పచ్చి అంచు పోగులు ఊడుతుంది. అప్పటివాళ్లు అంచును చుట్టేవారు. ఎడమచేతి బొటనవేలు కొంచెం తడి చేసుకుని, కోసిన అంచును చూపుడువేలి మీద తమవైపు దొర్లిస్తే అగ్గిపుల్ల మందంలో సగం ఉండే చుట్ట ఏర్పడుతుంది. దాని చుట్టూ దారం ఏటవాలుగా, తీగ స్తంభానికి పాకినట్టు వేసుకుంటూ పోవాలి. సూది చుట్ట కింద నుంచే పోవాలి. ఒక్క పోటు చుట్టలో గుచ్చుకున్నా దారం అక్కడ బిగుసుకుని ఇక కదలదు. 25 సెం.మీ.కొకసారి ఆగి దారం లాగి కుచ్చు సర్దుకుంటారు. మీటరు పొడవునా కుట్టి చివర్లో ఒకేసారి లాగితే దారం తెగుతుంది, పని మొదటికొస్తుంది. పట్టీనీ కుచ్చునూ నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని, భాగానికి భాగం కలిపి, ఒక్కో మడతకు ఒక్కో కుట్టు వేయాలి. మడతలు ముత్యాల వరుసలా కూర్చుంటే పని వచ్చినట్టు. అలా పట్టిన కుచ్చులో తెరిచి ఉన్న అంచంటూ ఉండదు. ఎన్నిసార్లు ఉడకేసినా పోగు ఊడదు.

మెడ వెనక బొందు తల కొలతకు సరిపెట్టుకోవడానికి మాత్రమే అనుకుంటారు. అసలు లాభం ఇస్త్రీ దగ్గర. ముడి విప్పితే బుట్ట అడుగు తెరుచుకుని గుడ్డ దాదాపు చదునుగా పరుచుకుంటుంది. బొందు లేకుండా శాశ్వతంగా కుచ్చుపట్టిన వెనక భాగంలోకి ఇస్త్రీపెట్టె ముక్కు దూరదు. టోపీ రూపం తల కోసం ఎంతో, ఇస్త్రీ బల్ల కోసమూ అంతే.

గంజి, నీలిమందు, ఇనప గొట్టం

తెచ్చిపెట్టే చాకిరీ ఇక్కడ మొదలవుతుంది. తెల్ల టోపీ తెల్లగా ఉండాలి, కుచ్చు నిలబడాలి. ఉన్న ఇంట్లో ఒకామెకు రోజూ ఉతికిన టోపీ కావాలంటే డజను దగ్గర పెట్టుకోవాల్సిందే.

ముందు పట్టు రిబ్బన్లు విప్పాలి. అందుకే వాటిని పొడుగు టాకాలతో తేలిగ్గా నిలుపుతారే తప్ప గట్టిగా కుట్టరు. 1856లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కనిపెట్టిన ఊదా రంగుతో మొదలై కృత్రిమ రంగుల రిబ్బన్లు వచ్చాక ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యమైంది. ఒక్క రిబ్బను మరిచిపోతే తొట్టెలోని తెల్లబట్టలన్నీ ఊదా పులుముకుంటాయి. తర్వాత సబ్బు నీళ్లలో నానబెట్టి ఉడకేసి, రెండు మూడు నీళ్లు మార్చి జాడించాలి. సబ్బు పూర్తిగా పోవడం ముఖ్యం. చివరి నీళ్లలో కలిపేది నీలిమందు. ప్రష్యన్ బ్లూ రకం నీలానికి సబ్బు క్షారం తగిలితే అందులోని ఇనుము విడిపోయి, ఇస్త్రీ వేడికి తుప్పు రంగు మచ్చలుగా తేలుతుంది. అల్ట్రామెరీన్ నీలానికి ఆ బెడద లేదు. హల్ పట్టణపు రెకిట్ కంపెనీ నీలం ఆ శతాబ్దం రెండో సగంలో ఇంటింటికీ వెళ్లింది. మన ఇళ్లలో వాడిన రాబిన్ బ్లూ ఆ కంపెనీ సంతానమే.

గంజి మీద బ్రిటన్‌లో 1834 దాకా పన్ను ఉండేది, సబ్బు మీద 1853 దాకా. తెల్లదనం ఊరికే రాదని ఖజానాకూ తెలుసు. మొదట గంజి గోధుమది. 1840లో ఆర్లాండో జోన్స్ బియ్యపు గంజికి పేటెంటు తీసుకున్నాడు. బియ్యపు రేణువులు చాలా చిన్నవి, సన్నని పోగుల్లోకి బాగా దూరతాయి. తరతరాలుగా చీరలకు అన్నం వార్చిన గంజి పెడుతున్నవాళ్లకు దానికి పేటెంటు అంటే నవ్వొస్తుంది. కాకపోతే ఆయన పేటెంటు తీసుకుంది బియ్యం నుంచి గంజిపొడి తీసే ప్రక్రియకు.

పలచని మల్లుకు గంజి కాయడం ఇలా: ఒక పెద్ద చెంచా పొడిని కాసిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, దాని మీద మరిగే నీళ్లు అర లీటరు దాకా కలుపుతూ పోస్తే పాలలా ఉన్నది ఒక్కసారిగా తేటపడి చిక్కబడుతుంది. తేటపడకపోతే నీళ్లు చాలినంత మరగలేదని అర్థం. ఆ గంజి ఇస్త్రీకి పొక్కు లేస్తుంది. అందులో శనగగింజంత మైనం కరిగిస్తే ఇస్త్రీపెట్టె అంటుకోదు. గుడ్డను ముంచి, పిండకుండా అదిమి, రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు తట్టాలి. నేతలోని సన్నని కన్నాల్లో గంజి పొర నిలిచిపోతుంది గనక దాన్ని ఈ తట్టుడు పగలగొడుతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే కన్నాలు తేటగా కనిపించాలి. ఎక్కడైనా మెరుపు పొర ఉంటే మళ్లీ తట్టాలి. బద్ధకించి ఆరేస్తే ఎండాక ఆ పొర తెల్లటి పొట్టుగా రాలుతూ నల్ల దుస్తుల భుజాల మీద చుండ్రులా పడుతుంది. చాకిరేవులో దీనికి ప్రత్యేకమైన పనివాళ్లు ఉండేవారు, కూలీ కూడా ఎక్కువే.

బుట్ట, పట్టీ మామూలు ఇస్త్రీపెట్టెతో అయిపోతాయి. కుచ్చుకు గొట్టం కావాలి. ఇటాలియన్ ఐరన్ అనేవారు దాన్ని: కాడ మీద అడ్డంగా నిలిపిన వేలంత ఇనప గొట్టం, ఒక కొస మూసి ఉంటుంది. పొయ్యిలో కాల్చిన ఇనప కడ్డీని గొట్టంలోకి దూరుస్తారు. కడ్డీ ఎర్రగా కాలినా గుడ్డకు తగిలేది గొట్టమే గనక మసి అంటదు. చెమ్మగా ఉన్న కుచ్చును రెండు చేతులా పట్టి గొట్టం మీదికి నొక్కి ఒక్క క్షణం ఉంచితే ఒక వంపు ఏర్పడుతుంది. తీసి, జరిపి, పక్కది. వంపుకు 2 సెం.మీ. గుడ్డ పడుతుందనుకుంటే 100 సెం.మీ. కుచ్చుకు 50 వంపులు, రెండు వరుసల కుచ్చుకు 100. ఈలోగా కడ్డీ చల్లారుతుంది, ఇంకోటి పొయ్యిలో సిద్ధంగా ఉండాలి. కొత్తగా దూర్చిన వెంటనే మొదటి వంపు ఎప్పుడూ పాత గుడ్డ మీద వేసి చూడాలి. లేకపోతే నుదుటి మీద వచ్చేచోటే గోధుమ రంగు చార పడుతుంది. కుచ్చు మరీ ఎండితే వంపు నిలవదు, మరీ తడిగా ఉంటే ఉడికి గొట్టానికి అతుక్కుంటుంది.

అంతకన్నా పాత సాధనం ఇంకొకటి ఉంది, పని నిదానమే గానీ కాలే భయం లేదు. చిన్న పీట మీద రెండు నిలువు కమ్ములు, వాటి మధ్య పైకీ కిందికీ జారే సన్నని పుల్లలు. గంజి తడి కుచ్చును ఒక పుల్ల మీదుగా, తర్వాతి పుల్ల కిందుగా చాప అల్లినట్టు దూర్చి, పైనుంచి నొక్కి బిగించి పొయ్యి దగ్గర పెడతారు. ఆరాక పుల్లలు లాగేస్తే వరుసగా వంపులు. ఇలాంటివి ఇంగ్లండు, వేల్స్ మ్యూజియాల్లో కనిపిస్తాయి.

ఇంత చేసినా ఒక పొగమంచు సాయంత్రం చాలు, గంజి చెమ్మ పీల్చుకుని కుచ్చు వాలిపోవడానికి. ఇంకో ప్రమాదం నిప్పు. సన్నని మల్లు, లేసుకు అడుగైన వల గుడ్డ, పక్కన కొవ్వొత్తి. పడక మీద చదువుకుంటూ నిద్రలోకి జారే అలవాటున్నవాళ్లకు కుచ్చులేని రాత్రి టోపీ మేలు.

వల గుడ్డ, రిబ్బను, పువ్వు

జాన్ హీత్‌కోట్ 1808లో, మళ్లీ 1809లో పేటెంటు తీసుకున్న యంత్రం చేత్తో అల్లే వల గుడ్డను యంత్రాల మీద తయారయ్యే సరుకుగా మార్చింది. 1816లో లడైట్లు, అంటే బతుకుతెరువు పోతుందని యంత్రాలు పగలగొట్టే కార్మికులు, లఫ్‌బరోలోని అతని ఫ్యాక్టరీలో 55 యంత్రాలు పగలగొడితే మకాం డెవన్‌లోని టివర్టన్‌కు మార్చాడు. పేటెంటు గడువు 1823లో తీరడంతో నాటింగామ్‌లో ఎవరికి వారు యంత్రాలు పెట్టి వల ధర పడగొట్టారు. అప్పటిదాకా జమీందారు ఇంటికే పరిమితమైన లేసు టోపీ పోలిక గుమాస్తా భార్యకూ అందింది.

ఇక్కడే టోపీ రెండుగా చీలింది. వల మీద పట్టు లేసు, దాని మీద గాజు మెరుపు రిబ్బన్లు, గుడ్డ పువ్వులు, అంతా కలిపి తీగ మీద నిలబెట్టిన విందు టోపీ ఒకటి. 1830 దశకంలో గౌను చేతులు బుడగల్లా ఉబ్బి, జుట్టు నెత్తి మీద ఉచ్చుల్లా లేచినప్పుడు టోపీ కూడా భుజాలతో పోటీపడి పక్కలకు విచ్చుకుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. ఉతకడానికి మాత్రం కుదరదు. మాసిందంటే విప్పి, వల ఉంచుకుని, పైన తళుకంతా మార్చాలి. దుకాణదారుకు అది మంచి బేరం. జుట్టు జిడ్డు పీల్చుకునే పనికి అది పనికిరాదు. రెండోది పాత ఉదయపు టోపీ, రాత్రి టోపీ, వంటింటి టోపీ: మల్లు, కుచ్చు, గంజి. తర్వాతి చరిత్రంతా ఈ రెండు దారుల్లో నడిచింది.

మొదటి దారి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1840ల్లో టోపీ ముఖానికి దగ్గరగా ముడుచుకుని చెవులు కప్పి, రెండు వైపులా పొడుగు పట్టీలు వేలాడదీసింది. 1850ల్లో వెనక్కి జారింది. 1860ల్లో మూడు మూలల చిన్న లేసు రుమాలంత అయింది. 1870ల్లో జుట్టే గుట్టగా పేరుస్తుంటే దాని కొనన పిట్ట వాలినట్టు ఒక లేసు ముక్క, ఒక ముడి మిగిలాయి. జుట్టును కప్పని, జిడ్డును ఆపని, చలి తీర్చని వస్తువును రోజూ తల మీద మోయడానికి ఎవరికైనా కారణం ఏముంటుంది? 1880లు దాటేసరికి పడుచువాళ్లు మానేశారు, ముసలమ్మలు మిగిలారు. ఆడవాళ్ల స్వేచ్ఛ టోపీని దించిందని చదవడం బాగుంటుంది గానీ, అంతకు ఇరవై ఏళ్ల ముందే అది పని చేయడం మానేసింది.

వితంతువు టోపీ ఈ లెక్కకు లొంగనిది. తెల్ల క్రేప్‌తోనో, టార్లటన్ అనే బిరుసైన పలచని పత్తిగుడ్డతోనో చేసి, నుదుటి మీదికి కోసుగా దించి, వెనక రెండు పొడుగు పట్టీలు వదిలేది. మర్యాద పుస్తకాల ప్రకారం దానికి గడువు సంవత్సరం మీద ఒక రోజు. మన దగ్గరి వితంతు వేషంతో పోల్చాలనిపించడం సహజం, కానీ ఈ గడువును మరిచిపోతే పోలిక తప్పుతుంది. ఇక్కడ బయటికి దారి రాసిపెట్టి ఉంది, ఆ దారి తీసుకోవాలా వద్దా అన్నది ఆమెది. విక్టోరియా రాణి తీసుకోలేదు. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ పోయాక పెట్టిన టోపీ 1901 జనవరి 22న తను పోయేదాకా తీయలేదు. ఈ పట్టుదలకు నగలు కూడా వంగాయి. 1870లో ఆమె కోసం చేసిన చిన్న వజ్రాల కిరీటం ఎత్తు సుమారు 10 సెం.మీ. మాత్రమే, టోపీ మీద, మేలిముసుగు మీద కూర్చునేలా. 1887 స్వర్ణోత్సవానికి కిరీటం పెట్టుకోమంటే ఒప్పుకోక బానెట్‌తోనే వెళ్లింది.

రెండో దారి పనిమనుషుల తలల మీదుగా సాగింది. ఉదయం అచ్చు రంగుల పత్తి గౌను మీద సాదా టోపీ, మధ్యాహ్నం తలుపు తీసే పనమ్మాయికి నల్ల గౌను, తెల్ల ఏప్రన్, వెనక పట్టీలు వేలాడే గంజి టోపీ. యజమానురాలు టోపీ మానేసిన కొద్దీ పనమ్మాయికి అది తప్పనిసరి అయింది. నిన్నటిదాకా గృహిణి హోదాకు గుర్తయినది ఇప్పుడు జీతం తీసుకునేదాన్ని వేరుచేసే గుర్తు. పనమ్మాయిలకు ఆ టోపీ అంటే ఎందుకు పడదో వేరే చెప్పక్కర్లేదు. పైగా అందరి టోపీలకూ గంజి పెట్టేదీ ఆ కింది అంతస్తువాళ్లే. ఆస్పత్రిలో మాత్రం దానికి గౌరవం దక్కింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల బడి మొదలైనప్పటి నుంచి నర్సు తల మీద నిలిచి, ఆ తెల్ల టోపీ మన ప్రభుత్వాస్పత్రుల దాకా వచ్చింది. అమెరికాలో ఆమిష్, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖల ఆడవాళ్లు ఇప్పటికీ పెట్టుకునే గంజి టోపీ పాత ఇంటి టోపీకి ఇంకా దగ్గర. దాంట్లో పట్టీ, బుట్ట అలాగే ఉన్నాయి.

పాత ఫొటోలూ, పెట్టె అడుగు టోపీలూ

టోపీని చూసి ఫొటో కాలం లెక్కగట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. డెబ్బై ఏళ్ల ఆవిడ తన నలభై ఏళ్ల నాటి తీరు టోపీనే పెట్టుకుని కూర్చుంటుంది. టోపీ చెప్పే ఏడు పాతదై, గౌను చేతుల తీరు చెప్పే ఏడు కొత్తదైతే గౌను మాటే నమ్మాలి. ఇంకో పొరపాటు నాటకాల దుస్తులవాళ్లది. గుడ్డను గుండ్రంగా కోసి, అంచుకు నాలుగు వేళ్ల లోపల ఎలాస్టిక్ దూర్చేసి మాబ్ క్యాప్ అంటారు. శతాబ్దం మొదటి సగంలో ఆ పేరుతో పిలిచిన టోపీకి బుట్ట, పట్టీ, కుచ్చు వేర్వేరు ముక్కలు. గుండ్రటి ముక్కతో చేసినదానికి కుచ్చు చుట్టూ ఒకే వెడల్పున ఉండి మెడ వెనక కాలర్ మీద పడి లేస్తుంటుంది. పాత టోపీలో మెడ వెనక బొందు దగ్గరి కుచ్చు సన్నం, లేదా అసలు ఉండదు.

ఇలాంటి టోపీ ఒకటి చేతికొస్తే, బాప్టిజం పిల్లల టోపీ అయినా సరే, మొదట తీయాల్సింది గంజి. గంజి పట్టి ఉన్న మల్లును మడతపెడితే మడత గీత దగ్గర పోగులు విరుగుతాయి. వెండిచేపల పురుగు వచ్చేది ముఖ్యంగా గంజి కోసం, దాంతో పాటు గుడ్డా పోతుంది. పట్టుచీరల పెట్టెలో గంజి నూలుచీర కలిపి పెట్టకూడదని మన ఇళ్లలో చెప్పేది ఇందుకే. రిబ్బను ఉంటే నీళ్లు తాకించకుండా వదిలేయాలి, రంగు ఏ క్షణమైనా దిగుతుంది. రిబ్బను లేని సాదా పత్తి టోపీని వల సంచిలో పెట్టి, గోరువెచ్చని శుద్ధమైన నీటిలో అదుముతూ నీళ్లు మార్చాలి. గంజి పోయిందనడానికి వేళ్లకు తగిలే జిగట పోవడమే గుర్తు. నీలిమందు, ఇస్త్రీ రెండూ వద్దు. తడిగా ఉండగానే కుచ్చును వేళ్లతో సర్ది, బొందు విప్పి చదునుగా ఆరనిచ్చి, బుట్టలో ఆమ్లం లేని పలచని కాగితం ఉండలు చుట్టి పెట్టాలి. అప్పుడు ఆ బుట్ట అంచు వెలుతురుకు పెట్టి చూస్తే చుట్ట మీద ఏటవాలు దారం, దాని కింద నుంచి పోయిన సూది దారి ఒక్కో పోటూ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తుంది.